కొత్త కారు డెలివరీ తీసుకునేటప్పుడు ఓడోమీటర్ రీడింగ్ ఎంతవరకు ఒప్పుకోవచ్చు?

కొత్త కారు అనగానే ఓడోమీటర్ మీద, అంటే బండి మొత్తం తిరిగిన దూరం చూపే మీటరు మీద, సున్నా కనిపించాలని చాలామంది ఆశిస్తారు. ఆశ సహజమే గానీ, అది దాదాపుగా నెరవేరదు. కర్మాగారంలో తయారీ పూర్తయిన బండి మన చేతికి వచ్చేలోగా కొంత దూరం తన చక్రాల మీద తాను నడిచి తీరాలి. పరీక్షల కోసం కొంత, యార్డుకు చేరడానికి కొంత, లారీ ఎక్కడానికీ దిగడానికీ కొంత, డీలర్ దగ్గర తనిఖీకి మరికొంత. కాబట్టి డెలివరీ రోజున మీటరు మీద ఇరవయ్యో ముప్పయ్యో కిలోమీటర్లు కనిపించినంత మాత్రాన ఎవరో వాడిన బండిని మనకు అంటగడుతున్నారని కంగారు పడనక్కర్లేదు. అలాగని, మూడు వందల కిలోమీటర్లు తిరిగిన బండిని చూపించి సేల్స్ ఎగ్జిక్యూటివ్ "ఇది మామూలేనండీ" అంటే తలూపి సంతకం పెట్టడమూ తగదు.

ముందుగా అంకెల సంగతి చూద్దాం. ఇవి చట్టం గీసిన గీతలు కావు. కార్లు ఎలా తయారై, ఎలా రవాణా అవుతాయో గమనిస్తే తేలే అంచనాలు. యాభై కిలోమీటర్ల లోపు రీడింగ్ ఉంటే దాని గురించి చర్చ అవసరం లేదు. యాభై నుంచి వంద మధ్య ఉంటే ఎందుకు అంత అయిందో అడగాలి, సరైన జవాబు వస్తే తీసుకోవచ్చు. వంద దాటి రెండు మూడు వందల దాకా ఉంటే నోటిమాట చాలదు, కారణం కాగితం మీద కావాలి. ఐదు వందలు దాటిన బండి ఎంత తళతళలాడుతున్నా దానిని కొత్త బండి ధరకు కొనకూడదని నా అభిప్రాయం. అది టెస్ట్ డ్రైవ్‌లకు వాడిన డెమో కారైనా అయి ఉండాలి, దూరప్రాంతం నుంచి రోడ్డు మీద నడిపి తెచ్చినదైనా అయి ఉండాలి, లేదా ఎవరో కొని వెనక్కి ఇచ్చినదైనా అయి ఉండాలి.

అయితే ఈ అంకెలన్నింటికంటే ముఖ్యమైనది, ఆ కిలోమీటర్లకు లెక్క తేలడం. ఎవరు నడిపారో, ఎందుకు నడిపారో తెలిసిన నూట యాభై కిలోమీటర్ల బండి, ఏ లెక్కా దొరకని అరవై కిలోమీటర్ల బండికంటే మేలు.

ఆ కిలోమీటర్లు ఎక్కడి నుంచి వస్తాయి

తయారీ వరుస చివర ప్రతి బండినీ రోలర్ల మీద నిలిపి ఇంజిన్, గేర్లు, బ్రేకులు పరీక్షిస్తారు. బండి ఉన్న చోటే ఉన్నా చక్రాలు తిరుగుతాయి కాబట్టి ఆ దూరం కూడా మీటరులో చేరవచ్చు. నాణ్యత తనిఖీ కోసం కొన్ని బండ్లను ఎంపిక చేసి, కర్మాగారం ఆవరణలోని ట్రాకు మీదనో బయటి రోడ్డు మీదనో ఎక్కువ దూరం నడిపి చూస్తారు. ఆ తర్వాత బండి యార్డుకు వెళుతుంది, అక్కడి నుంచి కార్లను మోసే పొడవాటి ట్రక్కు మీదికో రైలు వ్యాగన్‌లోకో ఎక్కుతుంది. విదేశం నుంచి వచ్చే బండి అయితే డ్రైవర్లు దానిని ఓడలోకి నడిపించి, గమ్యస్థానంలో మళ్లీ నడిపించి దించుతారు. ఈ ఎక్కడం దిగడం అంతా ప్రతిసారీ కొన్ని వందల మీటర్ల వ్యవహారమే. ఎన్ని చేతులు మారినా ఇక్కడ పెద్ద అంకె పోగుపడదు.

పెద్ద అంకె పోగుపడేది డీలర్ దగ్గర. చాలామంది డీలర్లకు షోరూమ్ ఒకచోట, స్టాక్‌యార్డ్ ఊరి చివర మరోచోట ఉంటాయి. యార్డు నుంచి వర్క్‌షాపుకు, అక్కడి నుంచి షోరూమ్‌కు బండిని రోడ్డు మీదనే నడుపుకొస్తారు. డెలివరీకి ముందు చేసే తనిఖీలో, అంటే అందరూ పీడీఐ అని పిలిచే దానిలో, మెకానిక్ కొద్ది కిలోమీటర్లు నడిపి శబ్దాలు, స్టీరింగ్, బ్రేకులు చూస్తాడు. చూడకపోతేనే తప్పు. ఆపైన ఇంధనం పోయించడానికి బంకుకు, అదనపు సామగ్రి బిగించడానికి మరో చోటికి, రిజిస్ట్రేషన్ కోసం బండిని చూపించాల్సిన చోట్ల ఆ కార్యాలయానికి, ఇలా తిరుగుడు పెరుగుతుంది.

లెక్క తేల్చడం ఎలా ఉంటుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చెబుతాను. మీరు చూసిన బండి మీద 64 కిలోమీటర్లు ఉన్నాయి అనుకుందాం. కర్మాగారం, రవాణా అన్నీ కలిపి పది. స్టాక్‌యార్డ్ నుంచి వర్క్‌షాపుకు పద్దెనిమిది. పీడీఐలో ఎనిమిది. బంకుకు వెళ్లి రావడానికి నాలుగు. మొత్తం నలభై. ఇంకా ఇరవై నాలుగు కిలోమీటర్లు మిగిలాయి. ఇప్పుడు "కిలోమీటర్లు ఎక్కువయ్యాయేమిటి?" అని గాలిలో ప్రశ్న వేయకుండా, "ఈ నలభై సరిపోయింది, మిగతా ఇరవై నాలుగు ఎక్కడివి?" అని అడగండి. మొదటి ప్రశ్నకు మామూలే అన్న జవాబు వస్తుంది. రెండో ప్రశ్నకు రిజిస్టరు తెరవాల్సి వస్తుంది, ఎందుకంటే యార్డు నుంచి బండి బయటికి వెళ్లినప్పుడల్లా గేటు దగ్గర రీడింగ్ రాసే పద్ధతి చాలా చోట్ల ఉంది. ఆ గేట్ పాస్ వివరాలు, పీడీఐ షీటు మీద రాసిన రీడింగ్ చూపించమని మర్యాదగా అడిగితే చాలామంది చూపిస్తారు. చూపించడానికి తటపటాయిస్తే, ఆ తటపటాయింపే మీకు ఒక సమాచారం.

మరో డీలర్ దగ్గర నుంచి వచ్చిన బండి

మీరు కోరిన రంగు, కోరిన వేరియంట్ మీ డీలర్ దగ్గర లేనప్పుడు మరో డీలర్ దగ్గర నుంచి తెప్పించడం ఈ వ్యాపారంలో నిత్యం జరిగేదే. ట్రక్కు మీద తెస్తే ఖర్చు, డ్రైవర్‌ను పంపి నడిపించి తెస్తే చౌక. అందుకే చాలా సందర్భాలలో బండి రోడ్డు మీదనే వస్తుంది, మీటరు మీద నూట ఎనభయ్యో రెండు వందల యాభయ్యో పడతాయి. దీనిలో మోసం ఏమీ లేదు, మీకు ముందుగా చెప్పి ఉంటే. చెప్పకుండా తెచ్చి, డెలివరీ రోజున మీరే కనిపెట్టి అడిగాక చెప్పడం మాత్రం ఒప్పుకోదగ్గది కాదు.

ఇక్కడ ఇంజిన్ సంగతి కూడా ఉంది. మొదటి వెయ్యి, వెయ్యిన్నర కిలోమీటర్లు బండిని జాగ్రత్తగా నడపాలని, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కవద్దని, ఒకే వేగంతో గంటల తరబడి పోవద్దని అనేక సంస్థల యజమాని పుస్తకాలు ఇప్పటికీ సూచిస్తాయి. పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు చక్కగా కుదురుకోవడానికి వేగం, భారం మారుతూ ఉండటం మంచిది. కొత్త బ్రేక్ ప్యాడ్లు డిస్కులకు, కొత్త టైర్లు రోడ్డుకు అలవాటు పడటానికి కూడా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. జీతానికి బండి తెచ్చే డ్రైవర్ త్వరగా చేరాలనే చూస్తాడు గానీ రింగుల గురించి ఆలోచిస్తాడని ఆశించలేం. అయినా నిజం చెప్పాలంటే, నేటి ఇంజిన్లకు ఒక్క రెండు వందల కిలోమీటర్ల రహదారి ప్రయాణం వల్ల లోపల చెప్పుకోదగ్గ నష్టం జరగడం అరుదు. ఇక్కడ పోయేది ప్రధానంగా మీ ఎంపిక హక్కు. కొత్త బండిని మొదట ఎలా నడపాలో నిర్ణయించుకునే అవకాశానికి కూడా కలిపే మీరు డబ్బు కడుతున్నారు.

టెస్ట్ డ్రైవ్‌లలో తిరిగిన కిలోమీటర్లు వీటికంటే అధ్వాన్నం. ఒక్క డ్రైవర్ ఒక్క దారిలో తెచ్చిన రెండు వందల కిలోమీటర్లకూ, పదిహేను మంది అపరిచితులు ఇంజిన్ వేడెక్కకముందే ఒక్కసారిగా తొక్కి, బ్రేకులు ఎంత గట్టిగా పడతాయో పరీక్షించి చూసిన అరవై కిలోమీటర్లకూ చాలా తేడా ఉంది. మీటరు మాత్రం రెండో బండినే కొత్తదిగా చూపిస్తుంది.

ఇక మీటరు ఏమాత్రం చెప్పలేని సంగతి మరొకటి ఉంది. అమ్మకాల లక్ష్యం పూర్తి చేసుకోవడానికి డీలర్లే తమ పేరు మీద ముందుగా రిజిస్టర్ చేసి ఉంచే బండ్లు కొన్ని దేశాలలో బాగా వాడుకలో ఉన్నాయి. అటువంటి బండి మీద ఎనిమిది కిలోమీటర్లే ఉండవచ్చు. కానీ కాగితాల ప్రకారం మీరు రెండో యజమాని అవుతారు, వారంటీ గడియారం ఎప్పుడో మొదలై ఉంటుంది. తగ్గింపు ధరకు, తెలిసి తీసుకుంటే అది మంచి బేరమే కావచ్చు. కనుక రీడింగ్ ఎంత తక్కువ ఉన్నా, యజమానుల వరుసలో మీ స్థానం ఎంతో, వారంటీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో అడగడం మరచిపోకూడదు.

ఎప్పుడు చూడాలి

చూసే సమయం డెలివరీ రోజు కాదు. ఆ రోజు బండి మీద పట్టు గుడ్డ కప్పి, రిబ్బను కట్టి, ఫొటో తీసేవాళ్లను పిలిచి ఉంచుతారు. ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తూ ఉంటారు. ఆ సందడిలో వంగి టైరు మీది అంకెలు చదివే ధైర్యం ఎవరికీ ఉండదు. పైగా అప్పటికి డబ్బంతా కట్టేసి ఉంటారు, రిజిస్ట్రేషన్ మీ పేరు మీద అయిపోయి ఉంటుంది, వద్దని చెప్పే దారి దాదాపుగా మూసుకుపోతుంది.

ఛాసిస్ నంబరు మీకు కేటాయించిన తర్వాత, పూర్తి సొమ్ము చెల్లించకముందు, రిజిస్ట్రేషన్‌కు పంపకముందు ఉన్న ఆ కొద్ది రోజుల వ్యవధే సరైన సమయం. బండి స్టాక్‌యార్డ్‌లో ఉంటే అక్కడికే వెళతానని చెప్పండి. పగటి వెలుగులో వెళ్లండి. కడగని బండినే చూపించమనండి. కడిగి మెరుగు పెట్టిన బండి మీదకంటే దుమ్ము పట్టిన బండి మీద గుర్తులు స్పష్టంగా కనిపిస్తాయి. చేరగానే మొట్టమొదట చేయాల్సిన పని, ముందు అద్దం కింద కనిపించే ఛాసిస్ నంబరునూ, ఓడోమీటర్ రీడింగ్‌నూ వెంటవెంటనే ఫొటో తీసుకోవడం. తర్వాత ఎప్పుడు మాట తేడా వచ్చినా ఆ రెండు ఫొటోలే మీ తరఫున మాట్లాడతాయి.

మీటరును చదవడం

తెర మీద కనిపించే మొదటి అంకె ఓడోమీటరేనని అనుకోకండి. ఒక్కో ప్రయాణం దూరాన్ని విడిగా చూపే ట్రిప్ మీటరును ఎవరైనా సున్నా చేయవచ్చు. ఓడీఓ అని రాసి ఉన్న చోటి అంకెనే చూడాలి. అది మైళ్లలో ఉందో కిలోమీటర్లలో ఉందో కూడా గమనించండి, ఎందుకంటే కొన్ని బండ్లలో సెట్టింగ్ మారిస్తే ప్రమాణం మారిపోతుంది. అరవై మైళ్లు అంటే దాదాపు తొంభై ఏడు కిలోమీటర్లు. ఇది చిన్న విషయంలా కనిపించినా, పైన చెప్పిన అంచనాలలో ఒక మెట్టు దాకా తేడా తేగలదు.

అసలు కథ చెప్పేది ట్రిప్ కంప్యూటర్. దానిలో దూరం పక్కన ఇంజిన్ నడిచిన సమయం, సగటు వేగం ఉంటాయి. 38 కిలోమీటర్లు, మూడు గంటల పది నిమిషాలు, సగటు వేగం 12 అని ఉంటే ఆ బండి యార్డుల్లో మెల్లగా కదిలి, నిలబడిన చోట ఇంజిన్ ఆన్‌లో గడిపిన బండి అని అర్థం. కొత్త బండికి ఇది సహజమైన చిత్రం. అదే 38 కిలోమీటర్లకు సగటు వేగం 45 అని ఉంటే, దానిని ఎవరో ఖాళీ రోడ్డు మీద ఒక్క దఫాగా నడిపారు. ఎవరో, ఎందుకో అడగవచ్చు. ట్రిప్ కంప్యూటర్‌లో అన్నీ సున్నాలే ఉంటే దానిని ఎవరో రీసెట్ చేశారని మాత్రమే తెలుస్తుంది. పీడీఐలో రీసెట్ చేయడం మామూలే కాబట్టి దాని నుంచి తప్పు వెతకనక్కర్లేదు.

అక్కడే కూర్చుని పెద్ద తెరను కూడా ఒకసారి తెరవండి. బ్లూటూత్ జాబితాలో ఆరేడు ఫోన్ల పేర్లు, మ్యాపులో ఇటీవల వెతికిన చోట్లు, రేడియోలో దాచుకున్న స్టేషన్లు కనిపిస్తే ఆ బండి టెస్ట్ డ్రైవ్‌లకు వెళ్లిందని ఒప్పించడానికి మరో సాక్ష్యం అక్కర్లేదు. మీటరు గురించి జాగ్రత్తపడేవాళ్లు కూడా ఈ జాబితాను చెరపడం మరచిపోతారు.

డిజిటల్ మీటరును వెనక్కి తిప్పలేరన్న నమ్మకం సరైనది కాదు. పాత బండ్లలో కేబుల్ పీకేసి నడిపేవారు. ఇప్పుడు పరికరాలతో అంకె మార్చేవారున్నారు. చాలా దేశాలలో ఇది శిక్షార్హమైన నేరం. అయితే అనేక బండ్లలో దూరం ఒక్క మీటరులోనే కాక ఇతర కంట్రోల్ యూనిట్లలో కూడా నమోదవుతుంది, వాటన్నింటినీ మార్చడం కష్టం. అనుమానం గట్టిగా ఉంటే వర్క్‌షాపులో స్కాన్ చేయించి ఆ నివేదిక ఇమ్మనండి. మీ దగ్గర చిన్న ఓబీడీ రీడర్, అంటే బండి కంప్యూటరుకు తగిలించి దానిలోని వివరాలు చదివే పరికరం, ఉన్నా సరే, ఆ కంప్యూటరు నమోదు చేసే లోపాల కోడ్లు చెరిపినప్పటి నుంచి తిరిగిన దూరం ఎంతో చాలా బండ్లలో చూపిస్తుంది. మీటరు మీద 40 ఉండి, కోడ్లు చెరిపినప్పటి నుంచి 12 అని వస్తే ఇబ్బంది లేదు, పీడీఐలో చెరిపి ఉంటారు. మీటరు మీద 40 ఉండి ఇక్కడ 900 అని వస్తే మాత్రం ఆ బండి దగ్గర ఇంక సమయం వృథా చేసుకోకండి.

బండి ఒంటి మీద గుర్తులు

టైరు దగ్గర మోకాలి మీద కూర్చోండి. కొత్త టైరు మీద అచ్చులో నుంచి వచ్చిన సన్నని రబ్బరు వెంట్రుకలు ఉంటాయి. పక్క గోడ మీది వెంట్రుకలు వేల కిలోమీటర్లు తిరిగినా మిగిలి ఉండగలవు, కాబట్టి వాటిని చూసి మోసపోకండి. రోడ్డును తాకే భాగం మధ్యలో చూడండి. అక్కడి వెంట్రుకలు, తయారీ సమయంలో వేసిన రంగు గీతలు రోడ్డు మీద నడిచిన కొద్దీ త్వరగా అరిగిపోతాయి. గీతలు ఇంకా స్పష్టంగా ఉంటే బండి నిజంగా తక్కువే తిరిగింది. గీతలు పోయి, గాడుల్లో చిన్న చిన్న రాళ్లు ఇరుక్కుని ఉండి, మీటరు మాత్రం 15 అని చెబుతుంటే ఆ రెండు మాటలకూ పొంతన లేదు.

ఆ టైరు మీదనే డాట్ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 3524 అని ఉంటే 2024లో 35వ వారంలో తయారైనదని అర్థం. టైరు తయారీ తేదీ బండి తయారీ నెలకంటే కొన్ని వారాలు ముందు ఉండటం సహజం. బండికంటే టైరు కొత్తదైతే, ఆ టైరును తర్వాత మార్చారన్నమాట. రవాణాలో పంక్చరైందా, దేనికైనా తగిలిందా, లేక టైరు మార్చాల్సినంతగా బండి తిరిగిందా అన్నది తేలాలి. నాలుగు టైర్లలో మూడింటికి ఒక వారం, ఒకదానికి ఆరు నెలల తేడా ఉన్నా ఇదే ప్రశ్న.

బండి ముందు భాగాన్ని దగ్గరగా చూడండి. రహదారి మీద వేగంగా పోయిన బండి బంపరుకూ, గ్రిల్ వెనుక రేడియేటరుకూ పురుగుల మరకలు అంటుకుని ఉంటాయి, బానెట్ అంచున ఇసుక రేణువంత రంగు పెచ్చులు లేచి ఉంటాయి. ట్రక్కు మీద వచ్చిన బండికి దుమ్మే ఉంటుంది. డ్రైవర్ సీటులో తలుపు వైపున ఎత్తుగా ఉండే అంచును చేత్తో తడిమి, దానిని పక్క సీటు అంచుతో పోల్చండి. ఎక్కి దిగిన ప్రతిసారీ నలిగేది అదే, అందుకని టెస్ట్ డ్రైవ్ బండ్లలో మొదట ముడతలు పడేదీ అదే. పెడళ్ల రబ్బరు మీద గాట్లు, గుమ్మం పట్టీ మీద చెప్పుల గీతలు, నంబరు ప్లేటు బిగించే చోట ముందే స్క్రూ పెట్టి తీసిన రంధ్రాలు కూడా చూడండి. బ్రేకు డిస్కుల మీద పలుచని తుప్పు కనిపిస్తే భయపడకండి. అది నిలబడిన బండికి తేమ వల్ల పట్టేదే, నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే పోతుంది. నిజానికి పలుచని తుప్పు బండి కదలకుండా ఉన్నదని చెప్పే సాక్షి.

అలాగని కదలకుండా ఉండటం ఎప్పుడూ మంచిదేనని అనుకోకూడదు. మీటరు మీద పద్నాలుగు కిలోమీటర్లే ఉండి, బండి ఏడాదిగా ఎండలో వానలో యార్డులో నిలబడి ఉంటే, అది రెండు వందల కిలోమీటర్లు తిరిగిన రెండు నెలల బండికంటే మేలని నేను చెప్పలేను. బ్యాటరీ నీరసిస్తుంది, ఒకే చోట బరువు మోసిన టైర్లకు చదును మచ్చలు పడతాయి, ఇంధనం పాతబడుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బండి తయారీ నెల, సంవత్సరం ఉన్న ప్లేటును, టైర్ల తేదీలను, ఇన్వాయిస్‌ను ఒకదానితో ఒకటి సరిచూడండి. పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరులో పదో అక్షరం చాలా సంస్థలకు సంవత్సరాన్ని సూచిస్తుంది, కానీ అది మోడల్ సంవత్సరమా, తయారీ సంవత్సరమా అన్నది సంస్థను బట్టీ దేశాన్ని బట్టీ మారుతుంది కాబట్టి దాని ఒక్కదాని మీదే ఆధారపడవద్దు. బ్యాటరీ వోల్టేజీ కొలిపించండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన మామూలు పన్నెండు వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 కంటే తక్కువైతే ఛార్జింగ్ అవసరమైనట్టు.

విద్యుత్ కారు విషయంలో ఇదే మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. దానిలో కుదురుకోవాల్సిన పిస్టన్ రింగులు లేవు, కాబట్టి నూరు కిలోమీటర్ల తేడా యంత్రానికి పెద్ద లెక్కలోనిది కాదు. పూర్తిగా నింపిగానీ పూర్తిగా ఖాళీ చేసిగానీ నెలల తరబడి వదిలేయడం పెద్ద బ్యాటరీకి మంచిది కాదు. యార్డులో ఎంత ఛార్జ్‌తో ఉంచారో అడగండి.

రీడింగ్ ఎక్కువగా ఉంటే

అన్నిటికంటే సులువైన రక్షణ బుకింగ్ రోజునే ఉంది. అడ్వాన్స్ కట్టే ముందు బుకింగ్ ఫారం మీద ఈ మాటలు రాయించి, డీలర్ తరఫున సంతకం, ముద్ర తీసుకోండి: "డెలివరీ సమయానికి వాహనం ఓడోమీటర్ రీడింగ్ 50 కిలోమీటర్లు మించరాదు. కొనుగోలుదారు రాతపూర్వక అంగీకారం లేకుండా వాహనాన్ని మరో డీలర్ నుంచి రోడ్డుపై నడిపి తీసుకురారాదు. ఈ షరతులు తప్పితే వాహనాన్ని నిరాకరించి, అడ్వాన్స్ మొత్తాన్ని వెనక్కి పొందే హక్కు కొనుగోలుదారుకు ఉంటుంది." షోరూమ్ దూరాన్ని బట్టి యాభైని డెబ్బైగా మార్చుకున్నా నష్టం లేదు. అంకె ఒకటి కాగితం మీద ఉండటమే ముఖ్యం. దీనికి అసలు ఒప్పుకోని డీలర్ దగ్గర బుక్ చేయాలా వద్దా అన్నది ఆ రోజే తేల్చుకోవచ్చు.

అటువంటి షరతు రాయించుకోని సందర్భంలో మీటరు మీద 320 కనిపించిందనుకోండి. మొదట మరో బండి కేటాయించమని అడగండి. దొరకదంటే, దొరకడానికి నెలలు పడుతుందంటే, అప్పుడు బేరం మొదలవుతుంది. బేరంలో చాలామంది చేసే పొరపాటు కిలోమీటర్ల చొప్పున లెక్కగట్టడం. లక్ష కిలోమీటర్ల వారంటీలో 320 అంటే అర శాతం కూడా కాదు. ఆ లెక్కన అడిగితే డీలర్ నవ్వుతూ ఒక కీచైన్ ఇచ్చి పంపిస్తాడు. మీరు అడగాల్సింది "కొత్తది" అన్న హోదా పోయినందుకు తగ్గింపు. అదే డీలర్ తన డెమో కార్లను ఎంత తగ్గించి అమ్ముతున్నాడో కనుక్కోండి, మీ బండి కొత్త బండికీ డెమో బండికీ మధ్య ఎక్కడ నిలుస్తుందో దానిని బట్టి మాట్లాడండి. ధర తగ్గించలేమంటే పొడిగించిన వారంటీ, ఉచిత సర్వీసుల వంటివి అడగవచ్చు. వారంటీ మీ డెలివరీ తేదీ నుంచే మొదలవుతుందని మాత్రం రాతలో తప్పనిసరిగా తీసుకోండి. నోటిమాటగా ఒప్పుకున్న మేనేజరు మీ మొదటి సర్వీసు నాటికి ఆ షోరూమ్‌లో ఉంటాడన్న భరోసా లేదు.

డెలివరీ రోజున, గుడ్డ తీయడానికి ముందే, మరోసారి రీడింగ్ చూసి మొదటి ఫొటోతో పోల్చండి. అప్పుడు 27, ఇప్పుడు 41 అయితే రిజిస్ట్రేషన్, బంకు, షోరూమ్ ప్రయాణంతో సరిపోతుంది. అప్పుడు 27, ఇప్పుడు 130 అయితే సంతకం పెట్టకుండా ఆగి కారణం అడగండి. డెలివరీ నోటు మీద రీడింగ్ రాసే గడి ఖాళీగా ఉంటే మీ ఎదుటే నింపించండి. ఖాళీ గడి మీద సంతకం పెడితే తర్వాత ఏ అంకె రాసినా అది మీరు ఒప్పుకున్నదే అవుతుంది. సర్వీస్ బుక్‌లోని వారంటీ పేజీలో కూడా అదే తేదీ, అదే రీడింగ్ ఉండేలా చూసుకోండి. మొదటి సర్వీసు కిలోమీటర్లను మీ చేతికి వచ్చిన దగ్గర నుంచి కాక మీటరు సున్నా నుంచే లెక్కిస్తారు కాబట్టి, 210 మీద బండి తీసుకున్నవారికి వెయ్యి కిలోమీటర్ల సర్వీసు 790 కిలోమీటర్లు నడపగానే వచ్చేస్తుంది.